పోయిన దశాంశములు

మేము తొమ్మిదవ తరగతి మార్కులను కంప్యూటరుపై పైథాను భాషలో లెక్కించుచున్నాము. శిక్షణ కళాశాలలో మాకు నేర్పినది సుద్దముక్కయు నల్లబల్లయు గాని యిది కాదు. నలువది యేండ్లు దాటిన పిమ్మట నభ్యసించితిమి. నంపై యను సాధనములో తరగతి మార్కులన్నియు నొక వరుసగా నిలుచును. దానిని అర్రే యందురు. అందలి సంఖ్యలన్నియు సాధారణముగా నొకే జాతివి: దశాంశములు గలవి ఫ్లోట్64, పూర్ణసంఖ్యలు ఇంట్64. జాతి మార్చుటకు ఆస్టైప్ అను నొక్క యాజ్ఞ చాలును.

గత సంవత్సరము మూడు పరీక్షల సగటు కట్టితిమి. ప్రగతి పత్రములపై దశాంశములు అందముగా నుండవని తలచి, అర్రేను పూర్ణసంఖ్యలుగా మార్చి, పత్రములు వ్రాసి యిండ్లకు బంపితిమి. మూడవనాడొక బాలిక తన జవాబు పత్రములు చేతబట్టుకొని వచ్చినది.

"మాస్టారూ, 32, 35, 37 కలిపిన 104 గదా. మూట భాగించిన 35కు దగ్గర కాదా? నాకు 34 వేసి తప్పినట్లు వ్రాసితిరేమి?"

మాకు నోట మాట రాలేదు. 34.67ను ఆస్టైప్ 35 చేయునని మేమనుకొంటిమి. అది సవరింపదు, చుక్క వెనుక నున్నదానిని కోసివేయును. 34.99 అయినను 34 యే. హెచ్చరికయు లేదు. ముందు సవరించి, తరువాతనే జాతి మార్చవలెను. సవరణలోను నొక చిక్కు గలదు: నంపై రౌండ్ సరిగా సగముననున్న 34.5ను సరిసంఖ్యయగు 34కే దింపును. కావున మేమిప్పుడు అర కలిపి, ఫ్లోర్ చేసి, పిదప మార్చుచున్నాము.

అంతకుముందు, చోటు పొదుపు చేయబోయి, ఆరు విషయముల మొత్తములను ఇంట్8లో నుంచితిమి. అది -128 మొదలు 127 వరకే పట్టును. 412 మార్కులు -100 అయినవి! 42 మందికి మిగిలినది 294 బైట్లు. అప్పుడు నవ్వుకొంటిమి, ఏలయన నది కంటికి గనబడు తప్పు. 34 అట్లు కనబడదు. ఇట్టి మార్పు రాకెట్టునే కూల్చినది: 1996 జూన్ 4న 64 బిట్ల దశాంశ విలువ యొకటి 16 బిట్ల పూర్ణసంఖ్యలో నిముడక, ఏరియాన్ 5 ఎగిరిన సుమారు 40 సెకండ్లకే ముక్కలైనది.

ఆస్టైప్ క్రొత్త అర్రేను చేసి యిచ్చును గనుక మా పాత దశాంశములు చెక్కుచెదరక యుండెను. మరల లెక్కింపగా మువ్వురు పిల్లలు 35కు వచ్చిరి. ఆ సాయంకాలమే క్రొత్త పత్రములతో బయలుదేరితిమి. మొదట నా బాలిక యింటికి బోతిమి. ఆమె తండ్రికింకను చూపని పాత పత్రమును బియ్యపు డబ్బా వెనుకనుండి తీసి మా చేత బెట్టినది.