కుండలో చీటీలు

ప్రజాస్వామ్యాలకు కూడా మనుషులకు లాగే బాల్యం, యౌవనం, వార్ధక్యం వుంటాయనీ, ఎంత గొప్ప నాగరికతైనా చివరికి కాటికి పోవలసిందేననీ మా బావమరిది వాదం. రైలు గూడూరు దాటగానే మొదలుపెట్టి, చెన్నపట్నం చేరేలోగా గ్రీసునూ, రోమునూ పూడ్చిపెట్టేశాడు. "ఇక మిగిలింది మనమే, బావగారూ!" అన్నాడు పెట్టె దించుతూ.

కంచికి వెళ్ళే తెలుగువారికి రెండే పనులు: వరదరాజస్వామి, పట్టుచీరలు. ఆ రెండూ ముగిశాక, ఆడవాళ్ళు బస దగ్గర చీరల అంచులు పోల్చుకుంటూ వుండగా, మేమిద్దరం ఉత్తరమేరూరు బస్సెక్కాం. కథలు కంచికి వెళ్ళి ఆగుతాయంటారు గదా, మా కథ ఇంకో గంట ప్రయాణం ముందుకు పోయింది. నా చొక్కా జేబులో సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి వుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఉత్తరమేరూరులో చూడవలసిన గుళ్ళు చాలానే వున్నాయి. సుందరవరదరాజ పెరుమాళ్ళు మూడంతస్తుల విమానంలో వున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు కూడా ఆ స్వామికి కానుకలిచ్చాడు. కాని మేము వెతుక్కుంటూ వెళ్ళింది చిన్న వైకుంఠ పెరుమాళ్ళ గుడిని. ఒకప్పుడు ఊరి సభ కూడిన చోటు అది. దేవుడి కంటే గోడలకే ఎక్కువమంది వస్తారు కాబోలు. రాళ్ళ నిండా అక్షరాలు. మా బావమరిదికి నేటి అరవం బాగానే వచ్చును. ఆ రాతల్లో మాత్రం ఒక్క ముక్క కూడబలుక్కోలేకపోయాడు. నా చేతిలో పుస్తకం వుంది గనుక పరువు దక్కింది.

మొదటి పరాంతక చోళుని కాలంలో, 919లో ఒకటి, 921లో మరొకటి, ఊరి వారియాలకు, అంటే సంఘాలకు, సభ్యులను ఎన్నుకునే నిబంధనలు అక్కడ చెక్కించారు. వెంకయ్యగారు 1904-05 నాటి పురావస్తు శాఖ నివేదికలో వాటిని లోకానికి తెలియజేశారు. ఊరు 30 కుడుంబులు, అంటే 30 వాడలు. పావు వేలికి మించిన పన్ను భూమి వుండాలి, సొంత స్థలంలో ఇల్లు వుండాలి, వేదం తెలిసి వుండాలి, వయస్సు 35కు పైన, 70కి లోపల వుండాలి. పేర్లు తాటాకు చీటీల మీద వ్రాసి కుండలో వేస్తారు. ఏమీ తెలియని చిన్న పిల్లవాడి చేత తీయిస్తారు. చీటీ అందుకునే మధ్యస్థుడు అయిదు వేళ్ళూ చాచి, అరచెయ్యి తెరచి పుచ్చుకోవాలి. పిడికిట్లో ఇంకో చీటీ దాచుకుంటాడని భయం! సంవత్సర వారియానికి 12 మంది, తోటల వారియానికి 12 మంది, చెరువు వారియానికి ఆరుగురు. పదవి 360 రోజులు. తప్పు చేసినట్టు తేలితే ఆనాడే తొలగింపు.

నన్ను నిలబెట్టేసినది ఈ ఏర్పాటు కాదు. 919లో వయస్సు 30 నుంచి 60 అన్నారు. రెండేళ్ళకే దాన్ని మార్చారు, అనర్హతల జాబితాను బారెడు పొడుగున పెంచారు. అంటే క్షీణత మూడువందల ఏళ్ళకు కాదు, రెండేళ్ళకే మొదలయిందన్నమాట. వాళ్ళు ముసలితనమని సరిపెట్టుకోలేదు, రాతిపనివాణ్ణి మళ్ళీ పిలిపించారు.

"సంఘంలో వుండి లెక్కలు అప్పచెప్పనివాడు మళ్ళీ కుండలోకి రాకూడదు. వాడి తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మామగారు, మేనమామ..." అని భావం చెబుతున్నాను. తరువాతి మాట చదివి ఆగిపోయాను.

"ఏమిటి బావగారూ?"

"భార్య తోబుట్టువు."

"అయితే మీరు చేసినదానికి నేనూ పోతానా!" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. జేబులో కాగితం మా పరపతి సంఘానికి నామినేషను. ఆరేళ్ళుగా కార్యదర్శిని నేనే. ఎవరూ పోటీ చేయరు, ఎవరూ అడగరు. చివరి ఏడాదిన్నర లెక్కలు సర్వసభ్య సమావేశంలో పెట్టలేదు. ఒక్క పైసా తినలేదు సుమా! వీలు చిక్కలేదు, అంతే. లెక్క ఒప్పచెప్పి నిజాయితీపరుడని అనిపించుకునేదాకా కరణానికి కూడా మళ్ళీ ఉద్యోగం లేదన్న ఆ గోడ ముందు, వీలు చిక్కలేదనే మాట బొత్తిగా పొసగలేదు.

ఊరి వైరమేఘ తటాకం గట్టు మీద కూర్చున్నాం. పల్లవుల నాటి చెరువు. చెరువు వారియం పని దీన్ని కాపాడడమే. "చోళులు పోయారు, పాండ్యులు వచ్చారు, మన తెలుగు చోడుల విజయగండగోపాలుడు వచ్చి ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. ఆ సభ మాత్రం ఏమయింది? నేను చెప్పిందేగా!" అన్నాడు బావమరిది. విజయగండగోపాలుడు తిక్కనగారి మనుమసిద్ధి కాలంవాడు. విజయనగరపు నాయంకరాలు వచ్చాక ఇటువంటి సభల పేర్లు శాసనాల్లో పలచబడిపోయిన మాట నిజమే. పెత్తనం నాయకుల చేతికి పోయింది. కాని నాకు మరొకటి తోచింది. ఆ కుండలో ఆడవాళ్ళ పేరు లేదు, పొలం దున్నినవాడి పేరు లేదు, ఈ చెరువులో పూడిక తీసినవాడి పేరు అసలే లేదు. సభ పోయిన రోజున వాళ్ళెందుకు అడ్డుపడతారు? తమది కానిదానికి ఎవరు ఏడుస్తారు? 1949 నవంబరు 25న అంబేద్కరు రాజ్యాంగసభలో, ఈ దేశం ప్రజాస్వామ్యాన్ని ఒకసారి పోగొట్టుకున్నది, రెండోసారి కూడా పోగొట్టుకుంటుందా అని అడిగాడు. ఈసారి కుండలో అందరి చీటీలూ వున్నాయి. మా బావమరిది గ్రీసు, రోముల లెక్కలో ఆ తేడా లేదు. ఆ మాటే అన్నాను.

"వుండి ఏం లాభం, తీసి చదివేవాడు లేకపోతే?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముఖ్యంగా ఆ కాగితం జేబులో వుండగా.

కంచి బస్సులో అతను నిద్రపోయాడు. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచాను. ఇంటికి రాగానే బీరువా తీసి ఓచర్ల కట్ట దింపాను. రెండు రసీదులు కనబడడం లేదు. ఇంకా వెతుకుతున్నాను.