తాళాలన్నీ వాడి దగ్గరే, అధికారం మాత్రం లేదు

ఏ ఆఫీసులోనైనా సిస్టమ్ అడ్మిన్ అనే ప్రాణి ఒకడుంటాడు. ఇంటర్నెట్ పోతే వాడు గుర్తొస్తాడు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వాడే గుర్తొస్తాడు. మేనేజరుగారి ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఇక చెప్పక్కర్లేదు. అన్నీ సవ్యంగా నడిచే రోజుల్లో మాత్రం "వీడికి జీతం ఎందుకిస్తున్నాం?" అన్న ప్రశ్న గుర్తొస్తుంది. ప్రోగ్రాములు రాసుకునే మాకు రిలీజులుంటాయి, డెమోలుంటాయి, చప్పట్లుంటాయి. పాపం వాడి పనికి చప్పట్లుండవు. ఏమీ జరక్కపోవడమే వాడు చేసిన పని. "సార్, ఈ ఏడాది ఏమీ జరగలేదు, కాబట్టి జీతం పెంచండి" అని అడగడం ఎంత కష్టమో ఆలోచించండి.

నెట్‌వర్కు భద్రత మీద సలహాలకేం కొదవ లేదు. పది సూత్రాలు, ఇరవై జాగ్రత్తలు, ఎక్కడ చూసినా అవే. చాలావరకు మంచివే కూడా. నా గొడవల్లా ఒక్కటే. అవన్నీ అడ్మిన్‌ను ఉద్దేశించి రాసినవి. కానీ వాటిలో సగం అమలు కావాలంటే కావలసింది యజమాని సంతకం. ఎందుకిలా అంటున్నానో చెప్తాను. తిట్టదలచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి :-)

మొదట ప్యాచీల సంగతి. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ ఒకటి వచ్చింది. దాని పరిమాణం మొత్తం కలిపి 376 బైట్లు. ఈ పేరాను తెలుగులో దాచుకోడానికే అంతకన్నా ఎక్కువ కావాలి! అంత బుల్లి ప్రోగ్రాము పది నిమిషాల్లో ప్రపంచంలో దానికి లొంగే సర్వర్లలో 90 శాతాన్ని పట్టేసింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ప్యాచీ ఇచ్చింది 2002 జులైలో, అంటే ఆర్నెల్ల ముందే. సరే, పద్నాలుగేళ్ళు గడిచాయి. 2017 మే 12న వానాక్రై వచ్చింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దానికి ప్యాచీ 2017 మార్చి 14నే వచ్చింది, దాదాపు రెండు నెలల ముందు.

"మరి ఎందుకు వెయ్యలేదు? అడ్మిన్లు బద్ధకస్తులు" అని తేల్చెయ్యడం తేలిక. నేను చూసినంతలో సంగతి వేరు. ప్యాచీ వెయ్యాలంటే సర్వరు ఆపాలి. సర్వరు ఆపుతానంటే ఒప్పుకునేవాడు ఉండడు. నెలాఖరు బిల్లింగు అంటారు, తర్వాత జీఎస్టీ రిటర్నులంటారు, ఆ తర్వాత ఆడిటంటారు, ఆ పైన దసరా అమ్మకాలంటారు. అన్నీ అయ్యేసరికి మళ్ళీ నెలాఖరు వస్తుంది. దానికితోడు ఎప్పుడో రాయించుకున్న సాఫ్ట్‌వేరు పాత విండోస్ మీద తప్ప నడవదు. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా, దాని మీదే నడుస్తున్న గల్లాపెట్టెలు మన ఊళ్ళల్లో ఎన్నున్నాయో ఒకసారి కిరాణా కొట్టులో తొంగిచూడండి.

మా పిన్ని కొడుకు ఒకడు విజయవాడలో మందుల హోల్‌సేల్ కంపెనీలో అడ్మిన్‌గా చేసేవాడు. నలభై కంప్యూటర్లు, రెండు సర్వర్లు, ఒక్కడే మనిషి. అకౌంటింగు సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళు హైదరాబాదులో కూర్చుని మరమ్మతులు చెయ్యడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టమన్నారు. వీడు వద్దన్నాడు, విపిఎన్ పెడదామన్నాడు. "వాళ్ళకి అలవాటు లేదటయ్యా, తెరిచెయ్" అన్నారు యజమానిగారు. బ్యాకప్పు కూడా అదే సర్వరులో ఇంకో డ్రైవులోకి పోతోంది, రెండు బయటి డిస్కులు కొనండి సార్ అని మెయిలు పెట్టాడు. పన్నెండు వేల రూపాయల ఖర్చు. "చూద్దాం" అని జవాబొచ్చింది.

ఆ "చూద్దాం" వచ్చిన నాలుగు నెలలకి ఒక శనివారం రాత్రి ఎవడో ఆ తెరిచిన దారిలోనే వచ్చి సర్వరు మొత్తానికి తాళం వేసి డబ్బులడిగాడు. బ్యాకప్పు ఉన్న డ్రైవుకీ అదే తాళం. రెండు నెలలపాటు కాగితం బిల్లులు చూసుకుంటూ లెక్కలు మళ్ళీ ఎక్కించారు. మావాడి ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. అక్కడితో ఆగలేదు. "లోపలివాడి సాయం లేకుండా ఇలా జరగదు" అని ఎవరో అన్నారట, పోలీసు ఫిర్యాదులో అనుమానితుడిగా వీడి పేరు రాయబోయారు. "అన్నయ్యా, ఆ మెయిలు చూపించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే స్టేషను చుట్టూ తిరుగుతూ ఉండేవాణ్ణి" అన్నాడు. పన్నెండు వేల డిస్కులు వాళ్ళ సరుకును కాపాడలేదు గానీ, వాటి కోసం పెట్టిన మెయిలు వీడి పరువును కాపాడింది.

ఇది చిన్న కంపెనీ కథలే అనుకోకండి. 2022 జనవరిలో హైదరాబాదులో ఏపీ మహేష్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల పైచిలుకు ఎగిరిపోయింది. పోలీసులు చెప్పిన ప్రకారం అంతకుముందు నవంబరులో ఉద్యోగులకి రెండొందలకు పైగా ఎరవేసే మెయిళ్ళు వచ్చాయి. ఒకరిద్దరు నొక్కారు. నొక్కడం తప్పే, కానీ రెండొందల మెయిళ్ళలో ఒక్కటి కూడా ఎవరూ నొక్కని ఆఫీసు భూమ్మీద ఉంటుందని నేననుకోను. అసలు ప్రశ్న ఆ తర్వాతది. ఒక గుమాస్తా కంప్యూటరులో దూరినవాడు ప్రధాన సర్వరుదాకా ఎలా నడిచి వెళ్ళగలిగాడు? నెట్‌వర్కును గదులుగా విడగొట్టలేదు, సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయి అన్నది పోలీసులు చెప్పిన మాట. వీధి తలుపు తీస్తే పడగ్గది బీరువాదాకా ఇంకో తలుపే లేని ఇల్లన్నమాట. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. గమనించారా, జరిమానా వేసింది బ్యాంకుకి, అడ్మిన్‌కి కాదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

బ్యాకప్పుల మాటకొస్తే నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్వేర్ ఉక్రెయిన్‌లో మొదలై మేర్స్క్ అనే డెన్మార్కు ఓడల కంపెనీని కుప్పకూల్చింది. కంపెనీలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతులున్నాయో గుర్తుపెట్టుకునే డొమైన్ కంట్రోలర్లు వాళ్ళకి నూటయాభై దాకా ఉండేవి. ఒకటి పోతే ఇంకోటి చూసుకుంటుందని వాటినే ఒకదానికొకటి బ్యాకప్పు అనుకున్నారు. అన్నీ ఒకేసారి పోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. ఎక్కడ? ఘనాలో. ఎందుకు మిగిలింది? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోత వల్ల బాగుపడ్డ కంపెనీ ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది. అక్కడి ఉద్యోగులకి ఇంగ్లండు వీసాలు లేకపోతే, ఒకాయన డిస్కు పట్టుకుని నైజీరియా దాకా వెళ్ళి ఇంకొకాయనకి అందించాడు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్ళీ నిలబెట్టారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు అని కంపెనీయే చెప్పుకుంది.

దీంట్లో నీతి సులువు. నెట్‌వర్కుకు ఎప్పుడూ తగిలించి ఉండే కాపీ బ్యాకప్పు కాదు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి బయట అనే పాత సూత్రానికి ఇంకో మాట కలపాలి: ఒకటి తీగ పీకేసి బీరువాలో పెట్టాలి. ఇంకోటి, మూడు నెలలకోసారైనా ఆ బీరువాలోది తీసి నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. పెళ్ళిరోజున తెరిచి చూస్తే గానీ పట్టుచీరకి చెదలు పట్టిందో లేదో తెలియని పరిస్థితి తెచ్చుకోకూడదు.

పాస్‌వర్డుల గురించి కూడా ఒక మాట. నెలకోసారి మార్చమని సతాయించే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. జనం ఏంచేస్తారు? చివర 1 తీసి 2 పెడతారు. ఊరికే కాలం ప్రకారం మార్పించొద్దు, బయటికి పొక్కిందని తెలిస్తే మార్పించండి అని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పేసింది. దానికి బదులు రెండో తాళం పెట్టాలి, అంటే పాస్‌వర్డుతోపాటు ఫోనులోనో తాళంచెవి లాంటి పరికరంలోనో ఇంకో రుజువు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరడానికి మూలం ఎవరూ వాడని ఒక పాత విపిఎన్ ఖాతా. దానికి పాస్‌వర్డొక్కటే ఉంది, రెండో తాళం లేదు. ఉద్యోగం మానేసినవాళ్ళ ఖాతాలు మీ ఆఫీసులో ఎన్ని బతికున్నాయో ఈరోజే లెక్కపెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు.

ఇక కుర్ర అడ్మిన్లు "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. డబ్బు ఖర్చు లేనివి కొన్ని చెప్తాను. 2004 నుంచీ పనిచేస్తున్న మన సెర్ట్-ఇన్ వారి హెచ్చరికలు రోజూ చూడండి. వాళ్ళే 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో కంప్యూటర్లు శుభ్రం చేసుకునే ఉచిత పనిముట్లు దొరుకుతాయి. అమెరికా వాళ్ళ సీసా అనే సంస్థ 2021 నవంబరు నుంచి ఒక జాబితా నడుపుతోంది. దొంగలు నిజంగా వాడుతున్న కన్నాలు మాత్రమే అందులో ఉంటాయి. ఏటా బయటపడే వేలకొద్దీ కన్నాల్లో ఏది ముందు పూడ్చాలో తేల్చుకోడానికి దాన్ని మించింది నాకు కనబడలేదు. సీఐఎస్ కంట్రోల్స్ అని ఇంకో పుస్తకం ఉంది, పద్దెనిమిది అంశాలు. అందులో చిన్న సంస్థల కోసం మొదటి మెట్టు విడిగా రాశారు. మొదటి అంశమే చూడండి: నీ దగ్గర ఏయే యంత్రాలున్నాయో జాబితా రాసుకో. ఇంత చప్పటి సలహానా అనిపిస్తుంది. ఐతే ఉందని తెలియనిదానికి ప్యాచీ ఎలా వేస్తారు?

ఇప్పుడు మళ్ళీ సంతకం దగ్గరికి వద్దాం. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో తెలియజెయ్యాలి, లాగులు 180 రోజులు దాచాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ఐతే సరైన జాగ్రత్తలు తీసుకోని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా రాసిపెట్టారు. ఈ బాధ్యతలు పడేది సంస్థ మీద. చట్టానికి ఈ తేడా తెలుసు. మన యజమానులకే తెలియదు. లాగులు దాచడానికి డిస్కు కొనరు, ఆరు గంటల్లో చెప్పాలంటే "పరువు పోతుంది, ఆగు" అంటారు, ఆ తర్వాత తప్పంతా అడ్మిన్ నెత్తిన రుద్దుతారు.

ఒకటి ఒప్పుకోవాలి. పని సరిగా చెయ్యని అడ్మిన్లు లేకపోలేదు. అన్ని సర్వర్లకీ ఒకే పాస్‌వర్డు పెట్టి, దాన్ని మానిటరు మీద అంటించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఐతే అడిగినవాడికీ అడగనివాడికీ తేడా తెలియాలంటే అడిగినట్టు కాగితం ఉండాలి.

కాబట్టి అడ్మిన్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా సలహా ఒకటే. ఏది అడిగినా నోటితో అడిగి వదిలెయ్యకండి. ఏం కావాలి, ఎంత ఖర్చు, చెయ్యకపోతే ఏమవుతుంది, ఈ మూడు ముక్కలూ మెయిల్లో రాయండి. వద్దంటే "మీరు వద్దన్నారు కాబట్టి ఆపుతున్నాను" అని ఇంకో మెయిలు పెట్టండి. ఇది ఎదురుతిరగడం కాదు. చాలాసార్లు ఆ రెండో మెయిలు చూశాకే "సరేలే, కొను" అంటారు, ఎందుకంటే నిర్ణయం తనదేనని యజమానికి అప్పుడే తెలిసొస్తుంది.

మీరు యజమానులైతే రేపు పొద్దున్న మీ అడ్మిన్‌ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి మూడే మూడు ప్రశ్నలడగండి. మన బ్యాకప్పు ఆఖరుసారి తెరిచి చూసింది ఎప్పుడు? బయటినుంచి లోపలికి వచ్చే దారులు ఎన్నున్నాయి? నువ్వు అడిగితే నేను కాదన్నవి ఏంటి? మూడోదానికి జవాబు చెప్పడానికి అతను మొహమాటపడతాడు. ఓపిగ్గా రెండోసారి అడగండి.