దూరపు కొండల గరుకు

ఈ నడుమ ప్రకృతి దృశ్యముల ఛాయాచిత్రములను చూచినప్పుడెల్ల నాకు చిరాకు కలుగుచున్నది. ముందున్న గడ్డిపువ్వొక్కటి స్ఫుటముగా నిలిచి, వెనుకనున్న కొండయు, వాగును, వానమబ్బును కరగి కలగలిసిపోయిన చిత్రమును కళాఖండమని మెచ్చుకొనుట నేడొక ఆచారమైనది. ఆ మసక మనుష్య ముఖమునకు శోభ నిచ్చిన నిచ్చుగాక, నేలకు మాత్ర మది అన్యాయమే. గండికోట కొండ అంచున నిలిచి పెన్నను చూచువానికి, పాదముల చెంతనున్న ఎఱ్ఱరాతి పగులును, లోయ కావలి గట్టు పొరలును ఏకకాలమున గోచరించుటచేతనే గదా, నడుమనున్న అగాధము గుండెను ఝల్లుమనిపించుట! అందొకదానిని చెరిపివేసిన పిమ్మట లోయ యెక్కడిది?

కటకద్వారమును కుదించినకొలది స్ఫుటత ముందు వెనుకలకు విస్తరించును. 1932లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమొజెన్ కన్నింగ్‌హామ్ మొదలగువారు, వర్ణచిత్రముల ననుకరించు మసక ఛాయాచిత్రములపై తిరుగబడి, అతిసూక్ష్మమైన ద్వారపు కొలతయగు ఎఫ్/64నే తమ కూటమికి పేరుగా నుంచుకొనిరి. అయితే వారివి పెద్ద పలకల కెమెరాలు. మన 35 మి.మీ. కెమెరాలో ద్వారమును ఎఫ్/22 దాక బిగించినచో, వెలుగు ఆ యిరుకున వంగి చెదరి, దగ్గరి రాయియు దూరపు కొండయు కలిసియే మెత్తబడును. కావున ఎఫ్/11 కడ నాగి, గురిపెట్టు దూరమును ఎన్నుకొనుటయే విజ్ఞత. 24 మి.మీ. కటకమును 1.75 మీటర్ల కడ నిలిపినచో, అందు సగము దూరము మొదలు అనంతము వరకు స్ఫుటముగా వచ్చును. కొండపైననే గురిపెట్టితిమా, ఆ 1.75 మీటర్ల లోపలి రాయి మనది కాదు.

ఈ లెక్కను పూర్వము కటకమే చెప్పెడిది. పాత నిక్కోర్ కటకములపై ద్వారపు అంకెలు తలకొక రంగున నుండి, ఆయా రంగులలోనే జంటగీతలు లోహపు పట్టీపై తీర్చబడి యుండెడివి. అనంతపు గుర్తును ఒక గీత కడకు త్రిప్పినచో, రెండవ గీత దగ్గరి హద్దును చూపెడిది. ఎంత మర్యాదగల పనితనము! నేటి కటకములు అనేకములకు ఆ గీతలు లేవు. వలయము అంతులేక తిరుగుచుండును. తెరపై పచ్చని చతురస్రమొకటి వెలిగి, అంతయు సరియే యనును గాని, ఎచ్చటినుండి ఎచ్చటివరకు సరియో చెప్పదు. ఈ లోపమును నేను క్షమింపజాలను.

మాకు ఛాయాగ్రహణము నేర్పిన స్టూడియో మాస్టారు ఆ గీతలను సైతము పూర్తిగా నమ్మెడివారు కారు. ద్వారమును ఎఫ్/11 కడ నుంచి, గీతలు మాత్రము ఎఫ్/8వి చూడుమనెడివారు. పెద్ద కాగితముపై అచ్చువేసినప్పుడు చిన్న మసకయు పెద్దదియై కానవచ్చునని వారి భయము. చిన్న ద్వారమునకు వెలుగు ఎక్కువసేపు కావలెను, ఆ లోపల గాలి వీచెనా గడ్డి కదలిపోవును గనుక, తెల్లవారుజామున గాలి లేవకమునుపే ముక్కాలిపీట నిలుపజేసి, పని ముగిసిన పిదప మమ్ములనందఱను ఉగ్గాని బజ్జీల దుకాణమునకు తోడ్కొనిపోయెడివారు. అచ్చటను వారిది అదే ప్రసంగము: 50 మి.మీ. కటకమునకు అదే ఎఫ్/11 కడ గురిదూరము 7.6 మీటర్లగును గనుక కాలిచెంత రాతిపై ఆశ విడువవలసినదేయని, విస్తరిలో ఉగ్గాని చల్లారుచున్నను లెక్కచేయక, ఉల్లిపాయ ముక్కలతో దూరములు పేర్చి చూపెడివారు.