కొండను గెలిచింది తల్లులే!

లేహ్‌లో విమానం దిగినవాళ్లకు మొదటి రోజు ఒకటే పని... విశ్రాంతి. పెట్టె పట్టుకుని హోటల్లో రెండో అంతస్తు ఎక్కేసరికే గుండె దడదడలాడుతుంది. తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చూస్తే, ఓ లద్దాఖీ అవ్వ వీపున గడ్డిమోపుతో పక్కావిడతో కబుర్లాడుతూ ఎత్తు ఎక్కిపోతుంటుంది. 'వాళ్లకు అలవాటులే' అనేస్తారు చూసినవాళ్లు. నిజానికి అలవాటుకూ దానికీ చాలా దూరం. ఆ దూరం కొన్ని వేల ఏళ్లు!

లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అంత ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. కానీ గాలే పలచబడిపోతుంది. ఒక్కో శ్వాసతో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదాంట్లో మూడింట రెండు వంతులే. ఆ లోటు పూడ్చుకోవడానికి మైదానం మనిషి ఒంట్లో హడావుడి మొదలవుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. గుండె పరుగు తీస్తుంది. మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. కొన్ని వారాల్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అలవాటు పడటమంటే ఇదే. కిందికి దిగొస్తే మళ్లీ మామూలే.

ఈ ఉపాయంలో ఓ తిరకాసుంది. కణాలు పెరిగేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. దాన్ని నెట్టడానికి గుండె మరింత కష్టపడాలి. ఏళ్ల తరబడి ఎత్తులో ఉండేవారిలో కొందరికి చివరికి ఇదే జబ్బవుతుంది. పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1925లో దీన్ని వివరించాడు. అందుకే దాన్ని మోంగే వ్యాధి అంటారు.

పెద్దవాళ్ల సంగతి సరే, కడుపులో బిడ్డ మాటేమిటి? అసలు పరీక్ష అక్కడే. బిడ్డకు అందే ప్రతి చుక్క ఆక్సిజనూ తల్లి రక్తం నుంచే రావాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే పుట్టే బిడ్డ బరువు సగటున 100 గ్రాముల దాకా తగ్గుతుంది. ఇప్పటి బొలీవియాలో 4,000 మీటర్ల ఎత్తున ఉన్న పొటోసి పట్టణం కథే ఇందుకు సాక్ష్యం. వెండి కోసం స్పెయిన్ వాళ్లు 1545లో అక్కడ పాగా వేశారు. డబ్బుకు లోటు లేదు. ఊయలలు మాత్రం ఖాళీ! వాళ్ల బిడ్డ ఒకరు అక్కడ పుట్టి, బతికి బట్టకట్టడానికి 53 ఏళ్లు పట్టిందని 17వ శతాబ్దపు చరిత్రకారుడు ఆంటోనియో డి లా కలాంచా రాశాడు. అదే ఊళ్లో ఆండీస్ స్థానిక మహిళలు మాత్రం పిల్లల్ని కని పెంచుకుంటూనే ఉన్నారు.

పరిణామం పనిచేసేది ఇలాగే. కొండ ఎవరికీ కొత్త శరీరం ఇవ్వలేదు. ఉన్నవాళ్లలోంచి ఏరుకుంది, అంతే. ఆ ఏరివేత ఎంత కఠినమో అమెరికా పరిశోధకురాలు సింథియా బీల్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. టిబెట్‌లో 4,000 మీటర్ల ఎత్తున్న పల్లెల్లో వాళ్లు తల్లుల్ని పరీక్షించారు. రక్తంలో ఆక్సిజన్‌ను ఎక్కువగా నిలుపుకునే జన్యులక్షణం ఉన్న తల్లులు పోగొట్టుకున్న బిడ్డలు సగటున 0.48. అది లేనివారు పోగొట్టుకున్నది 2.53. ఆ రెండు అంకెల మధ్య ఎన్ని ఇళ్ల కన్నీళ్లున్నాయో! తరం వెంట తరం అలా గడిస్తే, బతికిన బిడ్డల లక్షణమే ఆ జాతి లక్షణమవుతుంది.

టిబెటన్ల శరీరం పట్టిన దారి చిత్రమైనది. ఆక్సిజన్ తక్కువైనా వాళ్ల రక్తం మరీ చిక్కబడదు. రక్తనాళాలు విప్పారి, ప్రవాహం పెరుగుతుంది. రక్తం చిక్కబడకుండా చూసే ఈపీఏఎస్-1 జన్యురూపం టిబెటన్లలో 87 శాతం ఉంటే, పక్కనే ఉన్న హాన్ చైనీయుల్లో 9 శాతమేనని 2010లో తేలింది. ఇంకో వింత 2014లో బయటపడింది. ఆ జన్యువు డెనిసోవన్లు అనే అంతరించిన మానవజాతి నుంచి వచ్చింది. టిబెట్ పీఠభూమిలో 3,280 మీటర్ల ఎత్తున ఓ గుహలో దొరికిన దవడ ఎముక ఆ జాతివారిదేనని, కనీసం 1,60,000 ఏళ్ల నాటిదని 2019లో వెల్లడైంది. ఆ జాతి పోయింది. వాళ్లిచ్చిన ఆస్తి ఇంకా పసిపిల్లల్ని కాపాడుతోంది.

అన్ని కొండలదీ ఒకే దారి కాదు. ఆండీస్ వాసుల్లో హిమోగ్లోబిన్ ఎక్కువే. ఇథియోపియాలో అమ్హారాలది మరో పద్ధతి. ప్రశ్న ఒకటే, జవాబులు మూడు! ఈ ఏరివేత ఇంకా ఆగలేదు కూడా. నేపాల్‌లోని ఎగువ ముస్తాంగ్‌లో 417 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2024లో వెలువడింది. ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లుల్లో హిమోగ్లోబిన్ ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ రక్తం మోసే ఆక్సిజన్ మాత్రం ఎక్కువ.

మరి మైదానం వాళ్లు కొండలెక్కడం లేదా? ఎక్కుతున్నారు. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులోనే ఎవరెస్ట్ ఎక్కింది. అది శిక్షణతో, పట్టుదలతో, షెర్పాల తోడుతో సాధించిన గెలుపు. కానీ శిఖరం ఎక్కి దిగడం వేరు. అక్కడే కాపురముండి పిల్లల్ని పెంచడం వేరు. మొదటిది ఒక మనిషి సంకల్పం. రెండోది వేలమంది తల్లుల వారసత్వం.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది బీదవాళ్లే. ఏటా జార్ఖండ్ పల్లెల నుంచి కూలీలు లద్దాఖ్ రోడ్ల పనికి వెళ్తారు. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్ లా లాంటి కనుమల్లో రాళ్లు కొడతారు, తారు పోస్తారు. వాళ్లకు లద్దాఖీల రక్తం లేదు. పర్యాటకుడిలా రెండు రోజులు పడుకునే వీలూ అందరికీ ఉండదు. 'కష్టజీవులు, తట్టుకుంటారులే' అనుకోవడం తేలిక. కష్టానికి అలవాటుపడ్డ ఒళ్లయినా పలచటి గాలికి ఒక్కరోజులో అలవాటుపడదు. కొండ వేల ఏళ్లు తీసుకుని చేసిన పనిని కూలీ ఒంటితో ఒక్క వేసవిలో చేయించలేం. పనిలో దిగేముందు కొన్నాళ్లు గడువు, తలనొప్పి అనగానే చూసే వైద్యుడు, అవసరమైతే వెంటనే కిందికి దింపే బండి... వాళ్లకు ఇవ్వాల్సినవి ఇవే.