ముగ్గురే మిగిలిన ఆట

మీలో రమ్మీ తెలిసినవారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. తెలియనివారు ఒక్క పేరా ఓపిక పట్టండి. పదమూడు ముక్కలు చేతికి రాగానే మొదట తేల్చుకోవలసినది ఒకటే: ఆడటమా, డ్రాప్ చేయడమా. ముక్క తీయకముందే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు పోతాయి, మధ్యలో మానుకుంటే 40. చివరిదాకా ఉండి ఓడితే చేతిలో ఉన్నంతా పోతుంది. అయితే ఎంత పోయినా 80 దాటదు.

మా చిలకలూరిపేటలో శివరాత్రి నాడు కోటప్పకొండకు ప్రభలు తరలిపోయాక ఇంట్లో మిగిలినవాళ్ళకు జాగరణ అంటే పేకాటే. పొద్దుపోయేసరికి ఆరుగురి ఆట కాస్తా ముగ్గురికి వచ్చేది: నాన్న, మావయ్య, పన్నెండేళ్ళ నేను. పాయింటుకు ఐదు పైసలు.

"ఆరుగురున్నప్పుడు ఆడినట్టు ముగ్గురున్నప్పుడు ఆడకూడదురా" అనేవాడు నాన్న. ఆరుగురిలో మనకంటే ముందు షో చేయగలవాళ్ళు ఐదుగురు, ముగ్గురిలో ఇద్దరే. పాడు ముక్కలు కూడా కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆయన లెక్క నాకింకా గుర్తుంది. మావయ్య డ్రాప్ చేశాడనుకో, ఆ 20 గెలిచినవాడిది. ఎదుటివాడి చేతిలో సుమారు 30. నువ్వు గెలిస్తే 50 వస్తాయి, ఓడితే 55 పోతాయనుకో. మూడాటల్లో ఒకటి గెలిచి రెండు ఓడితే నీకు నష్టం 60. మూడుసార్లూ డ్రాప్ చేసినా 60. అంటే మూడింట ఒకటికి మించి గెలుస్తాననిపిస్తే కూర్చో, లేకపోతే లే.

చాలా ఏళ్ళ తరువాత లిమిట్ పోకర్ గురించి చదివినప్పుడు నాన్న గొంతే వినిపించింది. అక్కడ పందెం ఎంతో ముందే నిర్ణయమై ఉంటుంది. బల్లమీద ఆరు పందేలుండి, ఆఖరి ముక్క పడ్డాక ఇంకొక్క పందెంతో చూడవచ్చునంటే ఏడింట ఒకసారి గెలిచినా చేతినుంచి పోయేదేమీ లేదు. పెంచడానికి మాత్రం అది చాలదు. ఎదుటివాడు పెంచిన పందేనికి కూడా నిలబడి చూసినప్పుడు సగానికి మించి మనమే గెలవాలి. మన రమ్మీలో ఆ పెంచడమనేది లేదు. అదొక అదృష్టం.

1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది ఆ తీర్పులోని మాట. నాన్న దీన్ని అమ్మకు తరచు వినిపించేవాడు. అమ్మ నమ్మేది కాదు. నాకైతే అసలు నైపుణ్యం పదమూడింటినీ ఒకేసారి పారేయడంలో ఉందనిపిస్తుంది.

అది నాన్నకు పేకలో వచ్చు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడినప్పుడు మాకు మూడెకరాల నల్లరేగడి కౌలు ఉండేది. ఒక మందు కొట్టాడు. తగ్గలేదు. ఇంకొకటి కొట్టాడు. ఇప్పటిదాకా పెట్టింది పోతుందన్న బాధ, ఈసారి తగ్గుతుందేమోనన్న ఆశ. కొట్లో అరువు పెరిగింది, అమ్మ గొలుసు బ్యాంకుకు వెళ్ళింది. ఆనాడు విరివిగా వాడిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు దోమను తినే పురుగుల్ని కూడా చంపి, దోమకే బలమిచ్చాయని తరువాత శాస్త్రజ్ఞులు చెప్పారు. మనం పెట్టిన పందెంతో బలిసే ఎదుటివాడన్నమాట! పైగా చేలో 80 దగ్గర ఆగే లెక్క లేదు. మూడింట ఒకటి అన్న సూత్రం హద్దున్న ఆటది. ఆ సంగతి నాన్నకు తెలియదని నేననుకోను. సాయంత్రం గట్టుమీద కూర్చుని వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకోవడం నేను చూశాను. మర్నాడు మళ్ళీ పంపు భుజానికెత్తుకున్నాడు.

1988 శివరాత్రికి కూడా ముగ్గురం కూర్చున్నాం. మొదటి ఆటకే నాన్న ముక్కలు సర్దుకుని, చాలాసేపు చూసి, బోర్లా పెట్టేశాడు.

"ఇరవై రాసుకో, అబ్బాయ్."

ఆయన మంచినీళ్ళకు లేచినప్పుడు తిప్పి చూశాను. రెండు జోకర్లు, జోకరు అవసరంలేని వరుస ఒకటి. మావయ్య కూడా చూశాడు. ఏమీ అనకుండా వాటిని కట్టలో కలిపేశాడు.