వైర్ తెగితే మిషన్ ఆగాలె

నిజామాబాదు నుంచి రైల్లో వస్తే గోదావరి దాటగానే బాసర, ఆ తర్వాత ధర్మాబాద్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊరు, ఇప్పుడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాది. బజార్లో మరాఠీలో మొదలైన బేరం తెలుగులో తెగుతుంది. ఇక్కడి మిరపకు దూరదూరాల పేరుంది. ఆ మిరపను కారం పట్టే ఒక మిల్లులో కంట్రోల్ ప్యానెల్ చూద్దామని వెళ్ళాను.

ప్యానెల్ చూసుకునే ఎలక్ట్రీషియన్ ఐటీఐ చదివిన మనిషి. పనివాళ్ళంతా ఆయన్ను కాకా అంటారు. ఇంట్లో తెలుగు, షెడ్డులో మరాఠీ. ప్యానెల్ తలుపు తీసి, మిషన్లను నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీని ఒక్క మాటలో దాటేశాడు. "వచ్చినోళ్ళంత దీన్నే చూసి పోతరు సార్. నా పనంత ఈ కార్డుల కాడనే" అంటూ పక్కన వరసగా ఉన్న ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డులు చూపించాడు.

అసలు సంగతి గ్రైండింగ్ హాల్లో ఉంది. గాలిలో దట్టంగా లేచిన కారం పొడికి నిప్పురవ్వ తగిలితే మంట లేస్తుంది. అందుకే ప్యానెల్‌ను వేరే గదిలో పెట్టి, హాలు గోడకు దుమ్ము చొరని పెట్టె ఒకటి బిగించారు. అందులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంది. సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాలను చదవడం, స్విచ్చు తుళ్ళింతలను వడగట్టడం, కరెంటును అంకెగా మార్చడం దాని పని. ఆ అంకెలన్నీ ఒకే కేబుల్ మీద మిల్లీసెకన్ల తేడాతో పీఎల్‌సీకి పోతుంటాయి. అటునుంచి వచ్చిన ఆజ్ఞలతో మోటార్లు తిరుగుతాయి, మిరపను నెట్టే స్క్రూ వేగం మారుతుంది. గ్రైండర్ మోటారు ఎక్కువ కరెంటు లాగితే స్క్రూ నెమ్మదిస్తుంది. పీఎల్‌సీ నుంచి నిర్ణీత సమయంలో మాట రాకపోతే పెట్టె ఎదురుచూడదు, అవుట్‌పుట్లను తనే ఆపేస్తుంది.

నాకు బాగా నచ్చింది వేడి కొలిచే పద్ధతి. మిల్లు వేడెక్కితే కారం రంగు, ఘాటు రెండూ పోతాయి. ఆ వేడిని పట్టేది ప్లాటినం సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5. దాన్ని ట్రాన్స్‌మిటర్ 4 నుంచి 20 మిల్లీఆంపుల కరెంటుగా మారుస్తుంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? పెడితే తెగిన తీగా, చల్లగా ఉన్న మిల్లూ ఒకేలా కనిపిస్తాయి. నాలుగు కంటే బాగా తగ్గిందంటే తీగ పోయినట్టే. మిషన్లు ఆగి ఉన్నప్పుడు కాకా తీగ ఊడదీసి చూపించాడు. తెర మీద అంకె మాయమై, తప్పు సూచించే ఎర్ర గుర్తు వచ్చింది.

"వైర్ తెగితే మిషన్ ఆగాలె సార్. సల్లగున్నదనుకొని నడిస్తే సరుకంత నల్లబడ్తది."

ఎమర్జెన్సీ స్టాప్ కూడా అంతే. దానిలో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉంటుంది. బటన్ నొక్కినా, తీగ తెగినా ఫలితం ఒకటే.

అమెరికాలో డిక్ మోర్లీ బృందం 1960ల చివర్లో తొలి పీఎల్‌సీల్లో ఒకటైన మోడికాన్ 084ను తెచ్చింది, కార్ల ఫ్యాక్టరీల్లో గోడలనిండా ఉన్న రిలేలను తీసేయడానికి. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్ అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ వ్యవస్థలు చేసింది. కారం మిల్లయినా అణు కేంద్రమైనా, వచ్చిన అంకె నిజమా కాదా అన్నదే మొదటి ప్రశ్న. మన ఐటీఐల్లో ప్రోగ్రాం రాయడం కంటే ముందు ఇది నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

అనలాగ్ కార్డులో ఒక చానల్ ఖాళీగా ఉంది. తొట్టిలో సరుకు ఎంతుందో చూపించే సెన్సర్ పెట్టాలని యజమాని కోరిక. కాకా ఒప్పుకోలేదు.

"తొట్టి మూత తీస్తే కంటికి కనబడ్తది సేట్. బేరింగ్ లోపటి వేడి కనబడ్తదా?"

కాసేపు వాదన జరిగింది. చివరికి ఆ చానల్ బేరింగ్‌కే ఇచ్చారు.