తలపాగా కింది నీడ

ఫొటో తియ్యమని అడిగితే చాలు, ఆ పెద్దాయన ముందు నేలవంక చూస్తారు. చేతిలోంచి ఏదో జారిపడితే వెతుక్కుంటున్నట్టు. ఎదురుగా నిలబడ్డ మనిషి నీడ ఎటు పడింది, దాని అంచు ఎలా ఉంది... అదీ ఆయన చూసేది. అంచు కత్తితో కోసినట్టుంటే ‘పదహారు’ అని గొణుక్కుంటారు. కాస్త మసకబారితే ‘పదకొండు’. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ‘ఎనిమిది’. మబ్బు బాగా పట్టేసి అసలు నీడే లేకపోతే ‘అయిదున్నర’. లెక్కప్రకారం అది 5.6. కానీ ఆయన నేర్చుకున్న స్టూడియోలో అయిదున్నరే!

ఇప్పుడాయన చేతిలో ఉండేది మనవడి సెల్‌ఫోను. దానికి ఈ అంకెలతో పనిలేదు. అయినా అలవాటు పోలేదు. ఆసిఫాబాద్ బజారులో ఎనభైల్లో ఓ చిన్న స్టూడియోలో పనికి కుదిరి, తర్వాత సొంతంగా కెమెరా పట్టి, పెళ్లిళ్లూ పేరంటాలూ తీసి పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషాయన. పేరు రాయొద్దన్నారు. ‘‘ఫొటో ఎనుక స్టూడియో ముద్ర ఉంటది. గంతే చాలు’’ అని నవ్వేశారు.

ఆ అంకెల సంగతి తెలియని వారి కోసం కాస్త. ఫిల్ము మీద పడే వెలుతురును రెండే రెండు విషయాలు నిర్ణయిస్తాయి. లెన్సులో రంధ్రం ఎంత తెరుచుకుంది, ఎంతసేపు తెరుచుకుంది. కుళాయి కింద బిందె పెట్టినట్టే. కుళాయి ఎక్కువ తిప్పితే తొందరగా నిండుతుంది, తక్కువ తిప్పితే ఆలస్యమవుతుంది. కాకపోతే ఇక్కడ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. పదహారు నుంచి పదకొండుకు వస్తే వెలుతురు రెట్టింపు, పదకొండు నుంచి ఎనిమిదికి వస్తే మళ్లీ రెట్టింపు. ఒక్కో మెట్టునూ ‘స్టాప్’ అంటారు. ఇక ఫిల్ము డబ్బా మీద దాని వేగం రాసి ఉంటుంది. 125 ఏఎస్ఏ ఫిల్ము అయితే, నిండు ఎండలో సెకనులో 125వ వంతు షట్టరు, రంధ్రం పదహారు. కంపెనీలు ఫిల్ముతోపాటు ఇచ్చే కాగితం మీద సూర్యుడు, మబ్బు బొమ్మలు వేసి మరీ చెప్పేవి ఈ లెక్క.

మరి వెలుతురును చూసి కట్టాల్సిన లెక్కను నీడను చూసి కట్టడమెందుకు? ఎందుకంటే కన్ను నమ్మదగ్గ సాక్షి కాదు. మ్యాట్నీకి ఆలస్యంగా వెళ్లి హాల్లో అడుగుపెట్టిన వారందరికీ ఇది అనుభవమే. మొదట కుర్చీలు కూడా కనబడవు. కాసేపటికి పక్కింటివాళ్లు ఏ వరసలో కూర్చున్నారో కూడా తెలిసిపోతుంది. హాల్లో వెలుతురేం పెరగలేదు, కన్ను సర్దుకుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్స్‌ల దాకా ఉండే వెలుగు, ఇంట్లోకొస్తే కొన్ని వందలకు పడిపోతుంది. కంటికి మాత్రం రెండూ వెలుతురే. ఫిల్ముకు ఆ సర్దుబాటు తెలియదు. నీడ అంచు అలా కాదు. అది కంటి అలవాటును బట్టి మారదు.

ఆ కిటుకు నేర్పింది స్టూడియో యజమాని. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. దగ్గరున్నది రెండు లెన్సుల యాషికా. పైనుంచి తొంగిచూసి తీసేది. రోలుకు పన్నెండు ఫొటోలు. మీటరు లేదు. వెలుతురును కొలిచే ఎలక్ట్రిక్ మీటర్లు 1930ల నుంచే బజారులో ఉన్నాయి. కానీ చిన్న ఊరి స్టూడియోకు అదో అదనపు ఖర్చు. ‘‘నీడ పుకట్‌ల వస్తది, దానికి బ్యాటరీ ఎందుకు?’’ అనేవాడట ఉస్తాద్. ఆ మాటకొస్తే ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్‌కు మాత్రం మీటరెక్కడిది! ఆయన 1905లోనే కన్నుమూశారు.

నీడ పాఠం వారంలో వచ్చేసింది. డెవలపింగ్‌కు ఇంకొంత కాలం పట్టింది. పుస్తకాల్లో మందునీళ్లు 20 డిగ్రీలుండాలని ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లా ఎండాకాలంలో 20 డిగ్రీల నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? కూజా నీళ్లు కలిపి, నిమిషాలు తగ్గించి, రాత్రిపూట కడిగేవారు. ఇవన్నీ చేతికొచ్చాక పిలగాడికి ధైర్యం కూడా వచ్చింది. ఉస్తాద్ లేనప్పుడు కెమెరా ముట్టుకునేంత.

ఓ రోజు కెరమెరి వైపు గూడెం నుంచి ఒక గోండు పెద్దాయన్ని వెంటబెట్టుకుని కొడుకొచ్చాడు. బ్యాంకు అప్పు కాగితాలకు ఫొటో కావాలి. కరెంటు లేదు. ఉస్తాద్ ఊళ్లో లేడు. మధ్యాహ్నం బస్సుకే వాళ్లు తిరిగి వెళ్లాలి. పిలగాడు ముసలాయన్ని స్టూడియో ముందు ఎండలో నిలబెట్టాడు. తెల్లటి తలపాగా, తెల్లటి ధోవతి. నేల మీద నీడ చూశాడు. కత్తితో కోసినట్టుంది. 125, పదహారు. క్లిక్. పాఠం పాఠంలాగే అప్పజెప్పాడు. ఇంకోటి తీస్తే ఫిల్ము ఖర్చు, ఉస్తాద్ తిడతాడు. అందుకని ఒక్కటే తీశాడు.

రాత్రి నెగెటివ్ కడిగి దీపం ముందు పట్టుకుంటే తలపాగా బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కో మడతా లెక్కపెట్టొచ్చు. మీసం కూడా వచ్చింది, తెల్లమీసం కదా. దాని పైన, తలపాగాకు కింద... ఏమీ లేదు. అద్దంలా తెల్లగా ఉంది ఫిల్ము. నెగెటివ్ మీద తెల్లగా ఉందంటే ప్రింటులో నల్లగా వస్తుందని అర్థం. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, తలపాగా నీడ నుదుటి మీద నుంచి ముక్కు దాకా పడింది. ఎండకు నల్లబడ్డ ముఖం, అందులోనూ నీడలో. నేల మీద నీడను చూసినవాడు ముఖం మీద నీడను చూడలేదు.

ఉస్తాద్ వచ్చి చూశాడు. తిట్టలేదట. ‘‘గుడ్డలకు తీసినవురా ఫొటో. మనిషికి తియ్యలే’’ అన్నాడు. ఈసారి వాళ్లొచ్చినప్పుడు మళ్లీ తీసిద్దాం, పైసలు అడగొద్దు అన్నాడు.

కొడుకు ఒక్కడే వచ్చాడు. కొన్ని వారాల తర్వాత. జ్వరంతో తండ్రి పోయాడు. అప్పు కాగితాలతో ఇక పనిలేదు. ‘‘గా ఫొటో పెద్దగ చేసియ్యి తమ్మీ, ఇంట్ల పెట్టుకుంటం. బాపుది ఇంకోటి లేదు’’ అన్నాడు.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. గోండుల ముఖాలు ప్రపంచానికి తెలియనివేం కావు. కుమ్రం భీం పోరాటం తర్వాత, 1940ల్లో, ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ గూడేల జీవితాన్ని అధ్యయనం చేశారు. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. అంటే తాతల ఫొటోలు లండన్‌లో ఉన్నాయి. గూడెంలో గోడ మీద తండ్రి ఫొటో పెట్టుకుందామంటే మాత్రం బ్యాంకు కోసం తీయించిన ఒక్కటే దిక్కు. అందులోనూ ముఖం లేదు.

ఆ రాత్రి ఉస్తాద్, పిలగాడు ఎర్రబల్బు వెలుతురులో కూర్చుని ఎన్ని కాగితాలు పాడుచేశారో. పుల్లకు అట్టముక్క కట్టి ముఖం మీద అడ్డం పెట్టి చూశారు, అక్కడ తక్కువ వెలుతురు పడితే కాస్త తెల్లబడుతుందని. నలుపు బూడిదరంగైంది తప్ప కన్ను రాలేదు, ముక్కు రాలేదు. ఎక్కువ వెలుతురు తిన్న చోటును ప్రింటులో ఎలాగో దారికి తేవచ్చు. తలపాగా మాడిపోయినా మడతలు రప్పించొచ్చు. నెగెటివ్ మీద పడనే పడని దాన్ని ఏ మందూ తేలేదు.

చివరికి ఉస్తాద్ బ్రష్ తీశాడు. అప్పట్లో స్టూడియోల్లో ఫొటోలకు టచింగ్ మామూలే. బుగ్గల మీద మచ్చలు తీసేవారు, కనుబొమలు దిద్దేవారు. సన్నని బ్రష్‌తో రెండు కళ్లు వేశాడు, ముక్కు గీత వేశాడు. బాగానే వచ్చాయి కూడా. కొడుకు ప్రింటును చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

‘‘గిది మా బాపు కాదు తమ్మీ’’ అన్నాడు.

ఏదీ గీయని ప్రింటే ఇమ్మన్నాడు. తలపాగా, మీసం, మధ్యలో చీకటి. అదే తీసుకెళ్లాడు.

ఆ తర్వాత ఉస్తాద్ రెండో పాఠం చెప్పాడు. నేల మీద నీడతో ఎండను కొలువు, అక్కడితో ఆగకు. కళ్ల గుంటల్లో చూడు. ముక్కు కింద చూడు. అక్కడ నీడ గట్టిగా ఉంటే రెండు స్టాపులు తెరువు, తలపాగా కింద ముఖమైతే మూడు. బట్ట తెల్లబడితే తెల్లబడనీ. ఇంకా మంచిది, మనిషిని చెట్టు నీడకు జరుపు. 125లో నాలుగు, లేదంటే 60లో అయిదున్నర. ముఖమంతా ఒకే వెలుతురు. తర్వాత మీటరున్న కెమెరా కొన్నాక కూడా ఆయన ఈ పాఠం మానలేదు. మీటరు ఎదురుగా ఉన్నదాన్నంతా కలిపి సగటు తీస్తుంది, తెల్లబట్టలు ఎక్కువుంటే ముఖానికి అన్యాయమే జరుగుతుంది.

రంగుల ఫిల్ములొచ్చాక ఆ అన్యాయం ల్యాబ్ దాకా పాకింది. రోళ్లు మంచిర్యాలకో కరీంనగర్‌కో పంపితే ముఖాలు ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా వచ్చేవి. ల్యాబుల్లో రంగులు సరిచూసుకునేందుకు కోడాక్ కంపెనీ పంపే కార్డుల మీద దశాబ్దాలపాటు ఉన్నది ఓ తెల్లజాతి యువతి బొమ్మే. ‘షర్లీ కార్డు’ అని దానికి పేరు కూడా ఉంది. ఈ సంగతి పెద్దాయనకు ఈ మధ్యే మనవడు చెప్పాడట. ‘‘గందుకేనా!’’ అని మాత్రం అన్నారు.

స్టూడియో ఎప్పుడో మూతపడింది. యాషికా అటక మీదుంది, షట్టరు పట్టేసింది. కానీ దీపావళి ముందు, దండారి ఆటలు మొదలయ్యాక, గుస్సాడీల నెమలీకల కిరీటాలు ఊళ్లమీదికి బయలుదేరే రోజుల్లో, ఆయన ఏటా ఒకసారి ఆ గూడేనికి వెళ్లివస్తారు. అప్పటి కొడుకు ఇప్పుడు తనే ముసలాయన. అతనికీ తెల్ల తలపాగానే. ఫొటో దిగే వేళకు ఇంట్లోవాళ్లందర్నీ పిలుస్తాడు. పెద్దాయన ఇంకా నేలవంక చూస్తుండగానే, ఎవరూ చెప్పకుండానే, తలపాగా కాస్త వెనక్కి జరుపుకుని ఇప్పచెట్టు నీడలోకి వెళ్లి నిలబడతాడు.